వీధిని వెచ్చబెట్టిన వంటింటి ఫ్యాన్

నా చిన్నప్పుడు, డెబ్భైల చివర్లో, ఒక శనివారం ఉదయం అమెరికాలో పిస్కాటవే ఊళ్లోని మా ఇంట్లో ఉన్నవాళ్లు వీరు: స్వెటర్ మీద కోటు కూడా వేసుకున్న నాన్న, వంటింట్లో పోపు పెడుతున్న అమ్మ, యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుతూ మాతో ఉండే పిన్ని, నేను, ఎలక్ట్రిక్ హీటర్లు అమ్మడానికి వచ్చిన సేల్స్‌మన్. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ఫర్నేస్ ఆగకుండా మోగుతోంది.

ఎంత ఆయిల్ కాల్చినా ఇల్లు వెచ్చబడేది కాదు. పైగా మా చిమ్నీలోంచి పోయే పొగ చూస్తే నాన్నకు మనసొప్పేది కాదు. ఊరి గాలిని పాడుచేయని పద్ధతి కావాలని ఆయన పట్టు. సేల్స్‌మన్ ఇల్లంతా తిరిగి, టేపుతో గదులు కొలిచి, తన హీటర్లకు పొగ అనేదే ఉండదన్నాడు. ఫర్నేస్ పీకించేద్దామని నాన్న సంతకానికి పెన్ను తీశారు.

"ఆగండి బావగారూ," అంది పిన్ని. "ఆ కరెంటు బొగ్గు కాల్చి తీసిందే. పొగ ఎక్కడికీ పోదు, మన కంటికి కనపడదు, అంతే."

"మరి చలికి చావమంటావా తల్లీ?"

పిన్ని దేవుడి దగ్గర నుంచి అగరుబత్తి వెలిగించి తెచ్చి హాలు కిటికీ దగ్గర పట్టుకుంది. పొగ పైకి లేవలేదు. సన్నటి దారంలా వంటింటి వైపు సాగింది. మేమంతా అగరుబత్తి పట్టుకున్న పిన్ని వెనకాలే నడిచాం. పొగ స్టవ్ పక్క గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో దూరి బయటకు పోయింది. అంతకుముందు ఒకసారి పక్కింటావిడ మా ఇంటికొచ్చి ఇంగువ వాసనకు ముక్కు మూసుకుంది. ఆనాటి నుంచి అమ్మ ఆ ఫ్యాన్‌ను పొద్దున వేస్తే పడుకునే ముందే ఆపేది.

పిన్ని ఫ్యాన్ ఆపింది. పొగ నిటారుగా లేచింది.

"చూశారా? పక్కింటావిడ ముక్కు కోసం వీధినంతా వెచ్చబెడుతున్నాం!"

అమ్మ తల దించుకుంది.

"నువ్వెందుకక్కా సిగ్గుపడతావ్? సిగ్గుపడాల్సింది ఈయన!" అని పిన్ని సేల్స్‌మన్ వైపు తిరిగి, ఫ్యాన్ తిరగడం చూడలేదా అని ఇంగ్లీషులో నిలదీసింది. చూశానన్నాడు. తాను అమ్మేది హీటర్లనీ, ఫ్యాన్ గురించి తననెవరూ అడగలేదనీ అన్నాడు. అని, నవ్వాడు. నాన్న పెన్ను జేబులో పెట్టుకుని వీధి తలుపు తీశారు.

ఆ సాయంత్రం కిటికీ సందుల్లో దూది కూరాం. పోపు వేగినంతసేపే ఫ్యాన్ వేశాం. ఫర్నేస్ మధ్యమధ్య ఆగడం అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆ నవ్వు మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. పర్యావరణం పేరు చెప్పి సరుకు అమ్మేవాడు, కళ్లెదుట జరుగుతున్న వృథాను చూసి నోరు మూసుకుంటే అది నా దృష్టిలో దొంగతనమే. ఇప్పుడు ఇళ్ల హీటింగ్‌కి సలహా చెప్పడమే నా ఉద్యోగం. ఏ హీటర్ కొనమంటారని అడిగితే, ముందు ఉన్న వేడి ఎటు పోతోందో వెతుకుతాను. ఈ చలికాలం పదకొండు ఇళ్లు చూశాను. వాటిలో తొమ్మిదింటికి కొత్త హీటర్ అక్కర్లేదు.