ఆరాలక్క అరచేయి

నరాల పరిశోధనశాలలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ఆరాలక్క. ఎదుటివాళ్ళు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పంతొమ్మిదేళ్ళ కిందట నేల తుడిచే పనికి చేరింది. ఈ తీగలెందుకు, తెర మీద ఆ గీత ఎందుకలా ఎగిరింది అని అడిగి అడిగి పెద్ద డాక్టరుగారి ప్రాణం తోడేసింది. జవాబులు చెప్పలేక ఆయన చివరికి పరీక్ష చేయడమే నేర్పించేశాడు. నరం లేని నాలుక అంటారు కదా, మరి దానికి రుచెలా తెలుస్తుందని మొదటి వారమే అడిగిందట. నాలుకలో నరాలు బోలెడున్నాయని విన్నాక, ఇక మాట తప్పేవాళ్ళకు ఆ సాకూ లేదని తేల్చేసింది.

పరీక్ష చూడటానికి చిన్నదే. మణికట్టు దగ్గర కరెంటుతో చిన్న చురక వేస్తారు. అది నరం వెంట వేలిదాకా పోతుంది. వేలికి ఉంగరంలా చుట్టిన తీగ దాన్ని పట్టుకుంటుంది. టేపుతో కొలిచిన దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే నరం వేగం వస్తుంది. మామూలుగా సెకనుకు యాభై మీటర్ల పైమాటే. అయితే చెయ్యి చల్లగా ఉంటే మంచి నరం కూడా మందగిస్తుంది. అందుకని ముందు చేతి వేడి చూడాలి. దానికో థర్మామీటరు ఉండేది గానీ, బ్యాటరీ అయిపోయి ఏళ్ళు గడిచాయి. ఆరాలక్క ఎదుటివాళ్ళ చేతిని తన అరచేతిలోకి తీసుకుని "వెచ్చగానే ఉందిలే" అంటే అదే వేదవాక్కు.

ఆ ఏడాది పరిశోధన రొయ్యల షెడ్డు ఆడవాళ్ళ మీద. రోజంతా మంచుగడ్డల్లో చేతులు పెట్టి రొయ్యలు వలిచేవాళ్ళ నరాలు ఏమవుతాయో చూడాలని చిన్న డాక్టరమ్మ పట్టుదల. ముప్ఫై నలుగురికి పరీక్ష చేస్తే ముప్ఫై ముగ్గురి నరాలు నెమ్మదిగా ఉన్నాయి. అందులో ఆరాలక్క వదిన కూడా ఉంది. నరాలు చెడినవాళ్ళను పనిలో ఉంచుకోనని షెడ్డు యజమాని ముందే చెప్పేశాడు. అన్నయ్య మంచం పట్టాక ఆ ఇల్లు వదిన రెక్కల మీదే నడుస్తోంది. నివేదిక సోమవారం షెడ్డుకు వెళ్ళాలి.

ఆరాలక్కకు దిగులు పట్టుకుంది. దానితోపాటు ఆ ముప్ఫై నాలుగో ఆమె సంగతి బుర్ర తొలిచేస్తోంది. అదే షెడ్డు, అవే రొయ్యలు, ఆమె నరం మాత్రం ఎందుకు పరుగెడుతోంది? ఫోన్ చేసి కూపీ లాగింది.

"ఆ రోజు చేతులకేమన్నా రాసుకుని వచ్చారా?"

"ఏమీ లేదమ్మా. ఆ రోజు నాకు సెలవు. ఇంట్లో బట్టలన్నీ ఉతుక్కుని తీరిగ్గా వచ్చాను."

మిగతావాళ్ళంతా మధ్యాహ్నం విరామంలో, మంచులోంచి తీసిన చేతులతో నేరుగా వచ్చినవాళ్ళు.

ఆరాలక్క థర్మామీటరుకు కొత్త బ్యాటరీ వేసి, ముందు తన అరచేతినే చూసుకుంది. పొద్దుటి నుంచి ఏసీ గదిలో తడి గుడ్డతో జెల్ తుడుస్తూ కూర్చున్న చెయ్యి అది. ఇరవై ఐదు డిగ్రీలు. బయట వరండాలో కూర్చుని వచ్చే మామూలు రోగుల దగ్గర ఇన్నేళ్ళూ దాని గుట్టు బయటపడలేదు. మంచులోంచి వచ్చిన చెయ్యి దారిలో కాస్త తేరుకుని అంతకన్నా ఒక డిగ్రీ ఎక్కువైనా చాలు, దానికి అన్ని చేతులూ వెచ్చగానే తోస్తాయి. పంతొమ్మిదేళ్ళ అనుభవం పప్పులో కాలేసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే మేడమ్," అంది డాక్టరమ్మ ముందు నిలబడి. "వాళ్ళ నరాలది కాదు."

డాక్టరమ్మ నివేదిక కాగితాలు పక్కకు నెట్టింది. "అంటే ఏడాదంతా మనం కొలిచింది మంచునా అక్కా?"

"మంచునీ, నా పొగరునీ."

నివేదిక ఆగింది. పరీక్షలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి గోరువెచ్చని నీళ్ళ తొట్టి, చేతి వేడి ముప్ఫై రెండు డిగ్రీలు దాటాకే చురక. యాభై రెండు, యాభై ఆరు, యాభై నాలుగు. అంకె పెరిగిన ప్రతిసారీ ఆరాలక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తనవాళ్ళకు ముందు చేసిందన్న మాట రాకూడదని వదినను చివరికి ఉంచింది.

వదిన చెయ్యి ముప్ఫై మూడు డిగ్రీలు. వేగం ముప్ఫై ఆరు. మళ్ళీ నీళ్ళలో పెట్టించింది. మళ్ళీ ముప్ఫై ఆరే. చిటికెన వేలి నరం బాగానే ఉంది. చూపుడు వేలికి వెళ్ళేదే మందగించింది. రెండో చెయ్యీ అంతే.

"నాది కూడా మంచేనా?" అడిగింది వదిన.

"కాదు వదినా. నీది నిజంగానే నెమ్మది. మణికట్టులో నరం నలుగుతోంది."

"అందుకేనేమో, చేతులు తిమ్మిరెక్కి నిద్రలో మెలకువొస్తుంది. విదిలించుకుని పడుకుంటాను. ఏడాది దాటింది."

డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ముందే తెలిసింది కాబట్టి మణికట్టుకు వేసే పట్టీతోనో, కాదంటే చిన్న ఆపరేషన్‌తోనో నయమవుతుంది. అందరివీ చెడ్డాయన్న మొదటి లెక్కలో ఇది విడిగా కనబడేదే కాదు. షెడ్డుకు ఎవరి పేరూ వెళ్ళదని మాట కూడా ఇచ్చింది.

ఆరాలక్క చెవికి అవేవీ సరిగా ఎక్కలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా గుచ్చి గుచ్చి అడిగే తను, నాలుగిళ్ళ అవతల ఉండే వదినను ఎలా ఉన్నావని ఈ ఏడాదిలో ఒక్కసారీ అడగలేదు. తీగలు విప్పుతూ మెల్లగా అడిగింది.

"అన్నయ్యను లేపి కూర్చోబెట్టేటప్పుడు ఏ చెయ్యి వేస్తావు?"

"రెండూ వేస్తాను. ఒక్కదాన్నేగా."

ఆ సాయంత్రం ఆరాలక్క తన ఇంటికి కాకుండా వదినతో కలిసి అన్నయ్య దగ్గరికి వెళ్ళింది.