ఆరలేదు బావగారు

బావగారు ఎడమ చేతి మణికట్టును కారు తలుపు అంచుకి ఆనించి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయారు. జ్వరం వచ్చిన పసిపిల్ల నుదురు పట్టి చూస్తున్నట్టుంది ఆ వాలకం. పక్కన కారు యజమాని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బావగారు మెల్లగా కళ్ళు తెరిచి, తన జన్మకి అతుక్కుపోయిన ఆ ఒక్క మాటా అన్నారు.

"ఆరలేదు."

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. "ఆరలేదుగారి షెడ్డు ఎక్కడండీ?" అంటే మాత్రం అప్పుడే నడక నేర్చిన పిల్లలు కూడా వేలు చాపి చూపిస్తారు. కారు రంగు మీద మరో చర్మంలా అంటించే వినైల్ ఫిల్ము ఉంటుందే, అది అంటించుకున్న కార్లని కడిగి, కాపాడి ఇవ్వడం ఆయన వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సొంత కారుకే అంటించి, పాడుచేసి, పీకి, మళ్ళీ అంటించి నేర్చుకున్నారు. పనికి వంక పెట్టినవాడు లేడు. బండి తిరిగి ఇవ్వడమే ఆయనకి చేతకాదు.

"పొద్దున పదింటికి కడిగారు కదండీ!" అని యజమాని మొత్తుకుంటాడు.

"పైన ఆరింది. అంచుల కింద తడి ఉంది. ఈ తడి మీద బండి పరుగెత్తితే గాలికి అంచు లేస్తుంది. లేచిన అంచు ఊరుకుంటుందా? పక్కదాన్నీ లేపుతుంది. కూర్చోండి."

కూర్చోడానికి షెడ్డులో ఒకటే ఆసనం, కిటికీ పక్కన పడక కుర్చీ. మందపాటి గుడ్డ, వాలుగా వీపు, కాళ్ళ దగ్గర చిన్న పీట. పోట్లాటకి వచ్చినవాడు కూడా అందులో వాలాక గొంతు తగ్గించాల్సిందే. వెనక్కి వాలి పడుకుని అరవడం ఎవరివల్లా కాదు.

ఇంట్లోనూ ఇదే వరస. అక్క, అంటే ఆయన భార్య, గచ్చు తుడిస్తే ఆయన గడప మీద కొంగలా ఒంటికాలి మీద నిలబడతారు. "మా పెళ్ళి ఫోటో చూడండి. అందరూ కూర్చుంటే ఈయనొక్కరే నిలబడి ఉంటారు. కుర్చీకి వార్నిష్ ఆరలేదుట!" అని వచ్చినవాళ్ళకల్లా ఆల్బం తీసి చూపిస్తుంది అక్క.

ఇవన్నీ విని అందరూ నవ్వుతారు, ఒక్క బావమరిది తప్ప. అతను అక్కకి తమ్ముడు. ఫోటో ఫ్రేముల కొట్టు పెట్టి మూశాడు, ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టి మూశాడు, చివరికి బావగారి షెడ్డులో చేరాడు. ఈసారి నిలబడి తీరాలని పళ్ళు బిగించుకుని ఉన్నాడు. చేరిన రోజే గోడకి పెద్ద గడియారం తగిలించి, "టైముకి బండి ఇస్తేనే పేరు, బావా" అన్నాడు. "మేకు గట్టిగా కొట్టావోయ్" అని మెచ్చుకుని, బావగారు ఆ మేకుకే తడిగుడ్డలు ఆరేశారు. అప్పట్నుంచి టైము చూడాలంటే ముందు గుడ్డలు తొలగించాలి.

బావమరిదికి ఆయన మీద ఇంకో కోపం కూడా ఉంది. ఆ మధ్య అతనూ భార్యా, గోడకి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టి, ఏడు తరాల వాళ్ళనీ దులిపేసుకున్నారు. మావగారింటికి వెళ్ళి ఆ నాలుగు మాటలూ ఆయన మొహాన కూడా పడేస్తానని ఊగిపోతూ, స్కూటరు తియ్యడానికి షెడ్డుకి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకునే లోపల బావగారు బకెట్టెత్తి స్కూటరు మీద కుమ్మరించారు.

"అయ్యో అయ్యో! ఇదేం పని బావా?"

"దుమ్ము కొట్టుకుపోయి ఉందోయ్. చూడలేకపోయాను."

"నేను అర్జెంటుగా వెళ్ళాలి!"

బావగారు సీటు మీద మణికట్టు ఆనించి కళ్ళు మూసుకున్నారు. "ఆరలేదు."

చేసేది లేక బావమరిది పడక కుర్చీలో కూలబడ్డాడు. అక్క టీ ఇచ్చింది. సాయంత్రానికి, వరసగా పేర్చుకున్న మాటల్లో సగం మర్చిపోయాడు, మిగతా సగం తనకే నచ్చలేదు. లేచి ఇంటికి పోయాడు. గోడకి భార్య చెప్పిన రంగే పడింది. అయినా తడిసిన స్కూటరు సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతూనే ఉండేది.

అలాంటి బావమరిది తన కాళ్ళరిగేలా తిరిగి ఒక పని పట్టుకొచ్చాడు. అద్దెకార్లు తిప్పే కంపెనీ ఒకటి, వాళ్ళ బళ్ళన్నిటికీ ముదురాకుపచ్చ ఫిల్మే, మెరుపు లేని రకం. దాని మేనేజరు మాట తూకం వేసినట్టు మాట్లాడే మనిషి.

"ఒక్క బండి పంపిస్తాను. నాలుగింటికి నా ముందుండాలి. పనీ టైమూ రెండూ కుదిరితే మా బళ్ళన్నీ మీకే. లేదా, బ్రష్షులు తిరిగే మెషీను ఉండనే ఉంది, అందులో తోసేస్తాను."

బావమరిది జీవితంలో సొంతంగా గెలిచిన మొదటి సంగతి అది. బండి వచ్చే రోజు పొద్దున్నే బావగారికి అడ్డంగా నిలబడ్డాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇవ్వాళొక్కరోజు ఆ మాట అనకు."

"ఏ మాటోయ్?"

"అదే."

"ఆరిపోతే ఎందుకంటానూ?"

"ఆరిపోతుంది! ఎండ దంచేస్తోంది. మేనేజరు ముందు నా తల తీసెయ్యకు బావా. ఇది కూడా పోతే ఇంక నేనేం పెట్టి మూసుకోవాలి?"

"సరేలే, నీళ్ళు పట్టు" అన్నారు బావగారు.

బండి వచ్చింది. వస్తూ వస్తూ గుమ్మం దగ్గరున్న బకెట్టుని గుద్ది, ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. డ్రైవరు దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా ఒక బొత్తాం తప్పి పెట్టుకున్నాడు. బావగారు అలవాటు ప్రకారం ముందు మనిషిని పైనుంచి కిందిదాకా చూసి, ఆ తరవాతే బండిని చూశారు.

"ఎక్కణ్ణుంచి బాబూ రాక?"

"నిన్న మధ్యాహ్నం ఎక్కానండీ బండి. ఒకళ్ళు దిగుతుంటే ఒకళ్ళు ఎక్కారు. ఐదింటికి స్టేషన్లో మా ఓనరుగారు దిగుతారు, ఆయన్ని ఊళ్ళో దింపేస్తే అయిపోయినట్టే. తొందరగా కానివ్వండి."

"కానిద్దాం. నువ్వు అలా కూర్చో."

పనిలో దిగాక బావగారి చేతులు వేరు. పై కప్పు నుంచి మొదలుపెట్టి, నీళ్ళు జల్లుగా జారవిడిచారు. బావమరిది ప్రెషర్ గన్ను తలుపు అంచుకి గురిపెట్టబోతే మోచేత్తో పక్కకి నెట్టేశారు. "అంచుకేసి కొట్టకు, నీరు కిందకి దూరి ఫిల్ముని లేపుతుంది. దూరంనుంచి, వాలుగా." ఒక బకెట్టులో సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. గుడ్డని ప్రతిసారీ ఉత్త నీళ్ళలో జాడించి, ఆ తరవాతే సబ్బులో ముంచాలి. లేకపోతే బండి మీది ఇసక తీసుకెళ్ళి బండికే రుద్దినట్టవుతుంది. బానెట్ మీద పిట్ట రెట్ట ఎండి రాయైపోయి ఉంది. బావమరిది గోరు పెట్టబోయాడు.

"చెయ్యి తియ్! గీకుతావా? నానబెట్టు." తడిగుడ్డ దాని మీద పరిచి, దాన్ని మర్చిపోయినట్టే తిరిగారు. తరవాత ఒక్క తుడుపు, మచ్చ లేదు.

వెనక తలుపు కింద ఫిల్ము అంచు లేచి, నాలుక చాపినట్టుంది. ఎవరో జిగురు పూసి అతికించబోయి వదిలేశారు. బావగారు ఆ జిగురు ఓపిగ్గా తీసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, వేడిగాలి ఊదే హీట్ గన్ను దూరంగా పట్టి ఫిల్ముని మెత్తబరిచి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ బద్దతో నిదానంగా అదిమారు. అతుకు ఎక్కడుందో వేలితో వెతికినా దొరకలేదు. అద్దాల సందుల్లో, పిడుల కింద దాక్కున్న నీళ్ళని బ్లోయరుతో ఊదేశారు. మెరుపు మైనం డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు. మెరవని ఫిల్ముకి అది పూస్తే జిడ్డు మొహంలా మచ్చలు తేలతాయి. దానికి సరిపడే మందునే పలచగా చిమ్మి, మెత్తటి గుడ్డతో సమంగా పరిచారు.

బావమరిది గుడ్డలు తొలగించి గడియారం చూశాడు. మూడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"బావా, అయిపోయిందా?"

బావగారు మణికట్టు ఆనించారు. కళ్ళు మూసుకున్నారు.

"ఆరలేదు."

"బావా! మాటిచ్చావు!"

"ఆరిపోతే అననన్నాను. ఆరలేదు మరి."

"ఇంకెంతసేపు?"

"అది నేను చెప్పేదా? బండి చెప్పాలి" అని ఆయన గుడ్డలు ఉతుక్కోవడానికి పెరట్లోకి పోయారు.

మూడున్నరైంది. మేనేజరు ఫోను. "బయలుదేరిందా?" "ఇదిగో, ఇదిగో." పావుతక్కువ నాలుగు. మళ్ళీ ఫోను. ఈసారి బావమరిది ఎత్తలేదు. ఇంక లాభం లేదనుకున్నాడు. బావ పరువు బావది, తన పరువు తనది. తాళం చేతుల్లోకి తీసుకున్నాడు. పోయేముందు ఎందుకైనా మంచిదని, బావగారు నేర్పినట్టే మణికట్టు తలుపు అంచుకి ఆనించాడు. పొడి. అద్దం కింద పెట్టాడు. పొడి. వెనక తలుపు అతుకు, పెట్రోలు మూత, నంబరు ప్లేటు చుట్టూ, అన్నీ పొడే. ఎప్పుడో ఆరిపోయింది బండి.

పెరట్లోకి పరుగెత్తాడు. "బావా, ఆరింది! నేను చూశాను!"

బావగారు తలెత్తలేదు. "నీ మణికట్టు ఇంకా లేతదిలేవోయ్."

బావమరిది విసురుగా వెనక్కొచ్చాడు, డ్రైవర్ని కుదిపి లేపడానికి. పడక కుర్చీలో డ్రైవరు నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోతూ బావమరిది ఆగాడు. నిద్రలోనే అతని కుడికాలు పీటని గట్టిగా తొక్కుతోంది. వదులుతోంది. మళ్ళీ ఉలిక్కిపడి తొక్కుతోంది. అక్కడ లేని బ్రేకుని.

బావమరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దున గుద్దుకున్న బకెట్టు గుర్తొచ్చింది. మొన్న తల్లిని ఆస్పత్రిలో చేర్చి వణికే చేతులతో వచ్చినాయన గుర్తొచ్చాడు. ఆయన బండి మధ్యాహ్నమంతా ఆరలేదు. అదే రోజు పొద్దున నవ్వుతూ వచ్చిన టీచరమ్మ కారు మాత్రం చిటికెలో ఆరిపోయింది. ఇద్దరివీ ఒకే రకం ఫిల్ములు. ఇంతలో ఇంకో సంగతి తట్టి బావమరిది కుర్చీ పక్కనే చతికిలబడ్డాడు.

తన స్కూటరుకి అసలు ఫిల్మే లేదు.

"ఎక్కడయ్యా నా బండి?"

గుమ్మంలో మేనేజరు. ఎండలో మోపెడ్ మీద వచ్చాడేమో, మొహం కందిపోయి ఉంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న పని కళ్ళముందు జారిపోతోందని బావమరిదికి తెలుస్తూనే ఉంది. లేచాడు. తాళం జేబులో వేసుకున్నాడు.

"ఇంకా ఆరలేదండీ."

పెరటి గుమ్మంలో అక్క చేతిలో టీ గ్లాసులు గలగలలాడాయి.

"ఏం ఆరలేదు? చూస్తే పొడిగానే ఉంది కదయ్యా!" మేనేజరు చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్యండి! అచ్చు పడుతుంది. పైన ఆరినట్టే ఉంటుందండీ, అసలు తడంతా అంచుల కింద."

"అవతల ఓనరు రైలు దిగుతాడు! లేపు వాణ్ణి. తాళం ఇటివ్వు."

"ఇవ్వనండీ" అన్నాడు బావమరిది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మీ పని మాకివ్వకపోయినా సరే. ఈ బండి నిన్న మధ్యాహ్నం నుంచి ఆగకుండా తిరుగుతోందిట. ఓనరుగారికి ఇంకో బండి దొరకదా?"

"బండి ఉందయ్యా. మనిషి లేకే కదా వీడికి ఇంకో డ్యూటీ కూడా వేసి..." అంటూ మేనేజరు కుర్చీ వైపు చెయ్యి చూపబోయి, ఆ కాలిని చూశాడు. తొక్కుతోంది. వదులుతోంది. తొక్కుతోంది.

మేనేజరు జేబులోంచి ఫోను తీసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఆఁ, ఎవరిదైనా టాక్సీ మాట్లాడి నువ్వే స్టేషనుకి వెళ్ళు. ఈ బండి రాదు. ఏం కాలేదయ్యా, బండి బాగానే ఉంది." ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "ఆరలేదు."

ఫోను పెట్టేసి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక తలుపు దగ్గర వంగి, లేచిన అంచు ఎక్కడుండేదో వెతికాడు, దొరకలేదు. బానెట్ మీద మచ్చ వెతికాడు, అదీ లేదు. అక్క ఇచ్చిన టీ అందుకుంటూ అడిగాడు.

"ఇక్కడ ఇంకో కుర్చీ లేదామ్మా?"

డ్రైవరు ఎండ వాలాక ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా మేనేజర్ని చూసి కంగారుగా బొత్తాలు సర్దుకుంటూ ఈసారి సరిగ్గా పెట్టుకున్నాడు. "సార్, టైము..."

"మొహం కడుక్కుని రా. ఇంటికి పోయి పడుకో. బండి నీ దగ్గరే ఉంచుకో, ఆఫీసుకి రేపు తెద్దువుగాని" అన్నాడు మేనేజరు.

బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొహం కడుక్కొచ్చిన డ్రైవర్ని పైనుంచి కిందిదాకా చూశారు. ఆ తరవాత తలుపు అంచుకి మణికట్టు ఆనించి కళ్ళు మూసుకున్నారు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఆరింది."

"ఏమండీ, ఏదీ, ఇంకోసారి అనండి!" అంది అక్క.

బావమరిది తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. మేనేజరు మోపెడ్ ఎక్కుతూ, "రేపట్నుంచి రోజుకో బండి పంపిస్తాను. పొద్దున్నే పంపిస్తాలే, మీ ఆరడం సంగతి తెలిసిందిగా" అన్నాడు.

గుమ్మం దగ్గర పొద్దున గుద్దుకున్న బకెట్టు అక్కడే ఉంది. ఆకుపచ్చ బండి దాన్ని జానెడు దూరంలో తప్పించుకుని, మెత్తగా వీధిలోకి తిరిగింది. అది మలుపు దాటేదాకా చూసి, బావమరిది మిగిలిన తడిగుడ్డలు గట్టిగా పిండి, గడియారం మేకుకి ఆరేశాడు.