పంకజాక్షికీ ఒక పార్టీ

పెళ్లయినప్పటి నుంచి పంకజాక్షి ఓటంటే మొగుడి ఓటే. బళ్లారి బజారులో బట్టల అంగడి నడిపే శంకరనారాయణకు తాళంచెవి గుర్తు పార్టీ అంటే ప్రాణం. ఈసారి ఎన్నికలకు కోడలు రూపశ్రీ, ఎవరికి ఏ పార్టీ సరిపోతుందో చెప్పే ప్రశ్నలేవో ఫోనులో చదివింది. కాలువ నీళ్లు, గనుల దుమ్ము, పిల్లల చదువు... పంకజాక్షి ఒక్కోదానికీ ఆలోచించి మరీ జవాబు చెప్పింది.

"అత్తా, నీది బిందె గుర్తు పార్టీ అంటాండాది ఫోను!"

పంకజాక్షి మురిసిపోయింది. తనకూ ఒక పార్టీ ఉంది!

శంకరనారాయణ పడీపడీ నవ్వాడు. "ఉప్పిట్టుకు ఉప్పెంతెయ్యాలో తెల్దు, ఈయమ్మకు పార్టీ అంట పార్టీ!"

ఓటు రోజు ఆమె పట్టుచీర కట్టింది. పోలింగు జరిగే బడి గుమ్మంలో మొగుడు, "దుమ్ము పట్టిండాది, తుడిచిస్తా ఇట్లియ్యి" అని ఆమె కళ్లజోడు తీసుకుని జేబులో వేసుకున్నాడు. లోపల అధికారితో, "కండ్లు కనపడవు సార్, పాపం. తోడుగా నేనే నొక్కుతా" అన్నాడు.

"కనపడతాది సార్!" అంది పంకజాక్షి.

అధికారి మూడు వేళ్లు చూపించాడు. "ఎన్నమ్మా?"

ఆమె కళ్లు చికిలించింది. "రెండు."

వరుసలో జనం గొల్లుమన్నారు. శంకరనారాయణ వెళ్లి తాళంచెవి నొక్కి వచ్చాడు.

బయటికొచ్చాక కళ్లజోడును పంచె అంచుతో తళతళలాడేలా తుడిచి, తనే ఆమెకు పెట్టాడు.

"ఇప్పుడు సూడే, ఎంత బాగ కనపడతాదో!"