కోటిరత్నం చెప్పని పాస్‌వర్డ్

ప్రత్తిపాడు దాటాక పత్తి చేల మధ్య ఉంటుంది మా ఇంజనీరింగు కాలేజీ. అందులోని అరవై కంప్యూటర్ల ల్యాబును చూసుకునే కోటిరత్నం పదిహేడేళ్ల క్రితం ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ తెరల వంక చూస్తుంటే, అప్పటి ల్యాబు మాస్టారు యలమందగారు, పుణ్యాత్ముడు, కుర్చీ లాగి కూర్చోమన్నారు. కూర్చోవడానికి ఆమెకు వారం పట్టింది. కూర్చున్నాక లేవమంటే లేవకపోవడం మాత్రం మొదటిరోజే వచ్చేసింది.

ఆ ల్యాబులో పెద్ద పెద్ద లెక్కలు చేసి గ్రాఫులు గీసే ప్రోగ్రాం ఒకటుంది. ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టులన్నీ దాని మీదే చేస్తారు. దాన్ని తయారుచేసినవాళ్లు అప్పుడప్పుడు చిన్న చిన్న మరమ్మతులు పంపుతుంటారు. వాటిని ప్యాచ్‌లంటారు. ఏడాదికోసారి కొత్త వెర్షనే వస్తుంది. ఈ రెంటికీ తేడా ఏమిటని ఒకసారి అడిగితే కోటిరత్నం, మిరపకాయల టిక్కీకి, అంటే గోనె బస్తాకి, చిల్లు పడితే కుట్టు వేయడం ప్యాచ్, ఉన్న సరుకంతా కొత్త టిక్కీలోకి కుమ్మరించడం వెర్షన్ అని చెప్పింది. కుమ్మరించేటప్పుడే కాయ నేల పాలవుతుందట. తల్లితో కల్లాల్లో తాలుకాయలు ఏరిన మనిషి, ఆమెకు తెలియాలి.

ప్యాచ్‌లకు ఆమె ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ప్రతి శుక్రవారం పిల్లలు రాకముందే వచ్చి, మొదటి మెషీన్‌కి బొట్టు పెట్టి, కోటప్పకొండ స్వామికి దణ్ణం పెట్టుకుని, అన్నిటికీ ఎక్కించేది. కొత్త వెర్షన్ అంటే మాత్రం ముందు ఒక్కదాంట్లోనే. వాళ్ల నాన్న ఒక ఏడు కొట్టువాడి మాట నమ్మి రెండెకరాలకూ కొత్తరకం మిరప విత్తనం వేశాడు. చెట్టు ఏపుగా పెరిగింది గానీ కాయ నిలవలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ముందు ఒక్క సాలులో వేసి, కాత చూడనిదే కొత్త విత్తనం మిగతా చేలోకి పోదు.

ఈ ఏప్రిల్‌లో తనిఖీ వాళ్లు శనివారం వస్తున్నారని కబురొచ్చింది. మా శాఖాధిపతి త్రినాథ్ గారు ఆ కాగితాల్లో 'సరికొత్త వెర్షన్' అని రాయాలనుకున్నారు. ఆయన మామగారు పంచాంగం చూసి శుక్రవారం ఉదయం పది ఇరవైకి మంచి ఘడియ అన్నారు. ఒక్క మీట నొక్కితే అరవై మెషీన్లలోకీ ఒకేసారి వెళ్తుంది గనుక ఆ ఘడియలోనే మొత్తం అయిపోవాలన్నారు త్రినాథ్ గారు. సోమవారం ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకు ప్రాజెక్టు పరీక్ష. అది ఆయనకు గుర్తులేక కాదు, కొత్తదైతే ఇంకా బాగుంటుందనుకున్నారు.

కోటిరత్నం మంగళవారమే గోడ పక్కనున్న మెషీన్‌లో కొత్తది ఎక్కించి, పిల్లల ప్రాజెక్టులు ఒక్కొక్కటే నడిపి చూసింది. శ్రీరమ్య అనే అమ్మాయిది కల్లంలో మిరపకాయ ఎన్నాళ్లకు ఎండుతుందో చెప్పే లెక్క. పాతదాంట్లో ఎనిమిది రోజులని వచ్చింది. కొత్తదాంట్లో మూడే రోజులని వచ్చింది. తప్పని ఎక్కడా ఎర్రగా చూపించలేదు. గ్రాఫు కూడా అందంగా గీసింది.

శ్రీరమ్యను పక్కన కూర్చోబెట్టుకుని వెతికితే తేలింది. తేమ కొలవని రోజుల గళ్లను ఆ అమ్మాయి ఖాళీగా వదిలేసింది. పాత వెర్షన్ ఖాళీని దాటిపోయేది, కొత్తది సున్నా అనుకుంటోంది. తేమే లేదనుకుంటే మూడు రోజుల్లో ఎండక ఏం చేస్తుంది? మొత్తం పదకొండు ప్రాజెక్టుల్లో ఇదే తంతు. ఆ ఒక్క మెషీన్‌లో మళ్లీ పాతది ఎక్కించడానికి ఆమెకు ఒక పూట పట్టింది. పొద్దున్నుంచీ ఆమె తిండి తినలేదని చూసి క్యాంటీన్ జోహరాబీ, అడక్కుండానే, మజ్జిగన్నం డబ్బా తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లింది.

కోటిరత్నం వెళ్లి ఈ సంగతంతా త్రినాథ్ గారికి చెప్పింది. పిల్లలనే వాళ్ల ప్రోగ్రాములు దిద్దుకోమనండి అన్నారాయన. శుక్రవారం ఎక్కిస్తే సోమవారంలోపు అవన్నీ దిద్ది మళ్లీ సరిచూసుకోవడం వాళ్ల వల్ల కాదని ఆమె అంది. ఆయన వినలేదు.

శుక్రవారం పదింటికి కొబ్బరికాయ, పూలు, ఫొటో తీసేవాడు, అందరూ ల్యాబుకొచ్చారు. పిల్లలు గోడ వెంట నిలబడ్డారు. అటెండరు బాజీ హారతి పళ్లెం పట్టుకున్నాడు. కోటిరత్నం ఎప్పటిలాగే బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, సరిగ్గా పది ఇరవైకి కొత్త వెర్షన్ ఎక్కించింది, గోడ పక్క మెషీన్‌లో. ఎక్కించి చేతులు కట్టుకుంది.

"మిగతావి?" అన్నారు త్రినాథ్ గారు.

"సోమవారం పరీక్షయ్యాక వేస్తాను సార్."

"ముహూర్తం దాటిపోతోంది కోటిరత్నంగారూ. మంచి ఘడియలో సగం పని చేస్తారా ఎవరైనా?"

"ముహూర్తం మొదలుపెట్టడానికి సార్. శంకుస్థాపన రోజే ఇంటికి స్లాబు పోస్తామా?"

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. పాస్‌వర్డ్ చెప్పండి, నేనే నొక్కుతానన్నారు. అది ఆమెకొక్కదానికే తెలుసు.

"చెప్పను సార్."

"నీ కాంట్రాక్టు జూన్‌లో రెన్యువల్‌కి వస్తుంది, తెలుసా?"

'గారు' పోయి 'నువ్వు' వచ్చిందని అక్కడున్న అందరికీ తెలిసింది. ఆమె గొంతు మాత్రం పెరగలేదు, తగ్గలేదు.

"తెలుసు సార్. జూన్‌లో తీసేయండి. సోమవారం దాకా మాత్రం ఈ ల్యాబు నాది. ఈ పిల్లల లెక్కలు నా చేత్తో చెడగొట్టను."

బాజీ పళ్లెంలో కర్పూరం అప్పటికే కొండెక్కింది. అతను ఇంకో బిళ్ల వేసి వెలిగించి, ముందు ఆమెకే చూపాడు.

మధ్యాహ్నం మెమో వెళ్లింది. శాఖ గుమాస్తాగా దాన్ని టైపు చేసింది నేనే, ఆ పాపం నాదీ. నీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపమని అడిగారు. సాయంత్రానికల్లా జవాబు తెలుగులో రాసిచ్చింది: "తప్పు లెక్క చూపిస్తుందని తెలిసి ఎక్కించడం నా పని కాదు. చర్య మీ ఇష్టం."

శనివారం తనిఖీ వాళ్లు వచ్చారు. లైబ్రరీ చూశారు, మరుగుదొడ్లు చూశారు, ఎండకు తాళలేక ల్యాబు మెట్లెక్కకుండానే భోజనానికి వెళ్లిపోయారు. సోమవారం పరీక్షకు వచ్చిన పెద్దాయన శ్రీరమ్య తెర మీది ఎనిమిది చూసి, మీ ఊళ్లో నిజంగా అన్నాళ్లే పడుతుందా అని అడిగారు. పడుతుంది సార్, మా నాన్న కల్లం చూద్దురుగాని రండి అంది ఆ పిల్ల. ముప్ఫై ఎనిమిది మందివీ ఆగకుండా నడిచాయి.

మంగళవారం త్రినాథ్ గారు ఆమెను గదికి పిలిచి క్షమాపణ పత్రం ముందు పెట్టారు. ఆయనే రాయించారు. సంతకం పెడితే మెమో చింపేస్తానన్నారు. మనసులో చెడ్డవాడు కాదాయన, కూర్చోమని కుర్చీ కూడా చూపించారు. ఆమె కూర్చుని, నెమ్మదిగా రెండుసార్లు చదివి, కలం తీసుకుంది. సంతకం పెడుతుందనే అనుకున్నాను, పక్కనే నిలబడ్డ నేను.

"ఇక్కడ తప్పుంది సార్," అంది. "అరవై మెషీన్లలో వేయలేదని రాశారు. నేను వేయనిది యాభై తొమ్మిదిలోనే."

అరవైని కొట్టేసి పైన యాభై తొమ్మిది అని దిద్దింది. సంతకం చోటు ఖాళీగానే ఉంచి, కాగితం ఆయన వైపు తిప్పి పెట్టింది.

"పరీక్షలైపోయాయి సార్. ఇక మిగతావి ఎక్కిస్తాను," అని లేచి ల్యాబుకు వెళ్లింది. జూన్ ఇంకా రాలేదు.