విత్తనాల పండుగ రోజు డ్రయ్యర్ సెక్షన్

సారపాక దాటాక పినపాక వైపు వెళ్లే దారిలో ఒక పెద్ద ప్లైవుడ్ ఫ్యాక్టరీ ఉంది. లారీల్లో వచ్చే జామాయిల్ దుంగలను అక్కడి మిషన్లు పలచటి పొరలుగా చెక్కుతాయి. ఆ పచ్చి పొరలను ఆరబెట్టే చోటు డ్రయ్యర్ సెక్షన్. యశోద అందులో పనికి చేరినప్పుడు ఆమె కూతురు అంగన్‌వాడీకి వెళ్లేది. ఇప్పుడు భద్రాచలంలో డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్లలో యశోద పనికి ఎవరూ వంక పెట్టలేదు. ఆమె కూడా ఎవరినీ ఏదీ అడగలేదు. పొర వస్తే అందుకునేది, బస్సు వస్తే ఎక్కేది.

ఏటా ఎండాకాలం చివర మాత్రం ఒక గొడవ తప్పేది కాదు. యశోదతో సహా సెక్షన్‌లో సగం మంది చుట్టుపక్కల కోయ ఊళ్లవాళ్లు. విత్తనాలు చల్లే ముందు ఊరు పండుగ చేసుకుంటుంది. పూజ అయ్యేదాకా ఎవరూ ఊరు దాటి పనికి పోరు. మొదట్లో సెలవు అడిగి చూశారు. ప్రొడక్షన్ మేనేజర్ రామ్‌చందర్ కుదరదన్నాడు. తర్వాత అడగడం మానేసి, చెప్పకుండా ఆగిపోయేవారు. ఆ రోజుల్లో డ్రయ్యర్ నడిచేది కాదు. తిరిగి వచ్చినవాళ్లను వరసగా నిలబెట్టి రామ్‌చందర్ తిట్టేవాడు. వాళ్లు తలలు వంచుకుని వినేవారు.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక కార్యక్రమం దిగింది. గేటు దగ్గర ‘ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్’ అని బ్యానర్ కట్టారు.

“ఎవలికే ఎంగేజ్‌మెంటు? మనందరికి పెండ్లిళ్లు అయినయి గదా!” అంది వెంకమ్మ. ఆమె డ్రయ్యర్ మూతి దగ్గర పనిచేస్తుంది. బస్సంతా నవ్వింది.

అందరికీ టీషర్టులు ఇచ్చారు, తాడు లాగే పోటీ పెట్టారు. సెక్షన్‌కొకరు కమిటీలో ఉండాలన్నారు. ఎవరూ ముందుకు రాకపోతే, ముందు వరసలో కూర్చున్న పాపానికి యశోద పేరు రాసుకున్నారు.

కమిటీని నడిపేది ప్రభాకర్. కొత్తగూడెం నుంచి కొత్తగా వచ్చిన పర్సనెల్ ఆఫీసరు, అతనిది బొగ్గు గనిలో పనిచేసిన కుటుంబం. రెండో మీటింగులో అతను యశోదను అడిగాడు.

“పోయినేడు పండుగప్పుడు మీ సెక్షన్ మొత్తం ఆగిపోయింది. ఎందుకు రాలే యశోదమ్మా?”

తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడుగుతున్నాడని అర్థమయ్యాక ఆమె పండుగ సంగతి చెప్పింది.

“గట్లయితే తేదీ చెప్పు. ఒక ఆదివారం పని చేసి, ఆ రోజు సెలవు తీసుకుందురు.”

“తేదీ ఉండది సార్. మా దూలయ్య మామ ఊరోళ్లను కూసోబెట్టి చెప్తడు.”

“సరే, ఆయన్నే అడుగుదాం.”

మాటవరసకు అన్నాడనుకుంది. ఆ ఆదివారమే బండి మీద ఊళ్లోకి వచ్చాడు. ఆమె భర్త సీతయ్య కంగారుగా మంచం వాల్చాడు. ఇల్లు చూసి ఏమనుకుంటాడోనని యశోద బిక్కమొహం వేసింది. వాళ్లిచ్చిన జావ తాగి, ప్రభాకర్ ఊరి పెద్ద దూలయ్యతో విషయం చెప్పాడు.

“నేనొక్కన్ని చెప్పేది గాదు సారూ,” అన్నాడు దూలయ్య. “మొగులు చూడాలె, ఊరంత కూసోవాలె. మా ఊరిది ఒకనాడు, అవతలి ఊరిది ఇంకోనాడు.”

ప్రభాకర్ మొహం చిన్నబోయింది. “ఊరికో రోజైతే నేను సెలవు ఎన్నడని ఇయ్యాలె?”

“మా పండుగ నాడు ఆ ఊరోళ్లు మా జాగల నిలబడతరు సార్. వాళ్ల పండుగకు మేం నిలబడతం,” అనేసింది యశోద. అన్నాక తనకే భయం వేసింది.

ప్రభాకర్ వెంటనే సరే అనలేదు. “రామ్‌చందర్ సార్‌ను ఒప్పిస్త. కానీ మీరు మాట తప్పితే ఇంక నా మాట ఎవరూ వినరు. అది యాదుంచుకోండ్రి,” అని వెళ్లిపోయాడు.

బస్సులో ఈ మాట చెబితే అవతలి ఊరి వెంకమ్మే ముందు అడ్డం తిరిగింది. “కంపెనీ పని ఆగకుంటే మనకేందే లాభం?”

“నాకైతే యేడాదికోపాలి తలకాయ వంచుకుని నిలబడుడు ఇంక చాలనిపిస్తంది అక్కా,” అంది యశోద.

బస్సు దిగేటప్పుడు వెంకమ్మ, “మీ ఊరిదెప్పుడో చెప్పు, నిలబడత,” అంది.

ప్రభాకర్ మాటకు రామ్‌చందర్ ఒప్పుకున్నాడు. పండుగ రోజు యశోద అందరితో కలిసి ఆడింది, కానీ మనసు ఫ్యాక్టరీ మీదే ఉంది. మర్నాడు వెళ్తే డ్రయ్యర్ నడుస్తోంది. ఒక విడత పొరలు ఎక్కువగా ఆరి పగిలిపోయాయట. అయినా మిషను ఆగలేదు. రామ్‌చందర్ ఎదురొచ్చాడు. అలవాటుగా ఆమె తల వంచబోయింది.

“పండుగ మంచిగైందా?” అన్నాడతను.

“అవ్ సార్,” అంది తల ఎత్తి.

అవతలి ఊరి పండుగ నాడు ఆమె వెంకమ్మ చోట నిలబడింది. డ్రయ్యర్ మూతి దగ్గర సెగకు మధ్యాహ్నానికే కళ్లు తిరిగాయి. మర్నాడు వెంకమ్మ రాగానే, “ఇన్నేండ్లు ఈడ ఎట్ల నిలబడ్డవక్కా?” అని అడిగింది.

“నన్ను ఎవలడిగిండ్రు?” అంది వెంకమ్మ.

ఇద్దరూ వెళ్లి, ఆ చోట అందరూ వంతులేసుకుంటామని రామ్‌చందర్‌తో చెప్పారు. కొన్నాళ్లు గొణిగి అతను ఒప్పుకున్నాడు. దానివల్ల అన్నీ మారిపోలేదు. ఇద్దరు కుర్రవాళ్లు ఆ వర్షాకాలమే పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. హెడ్డాఫీసువాళ్లు చూడటానికి వచ్చినప్పుడు టీషర్టుల ఫొటోలే మెచ్చుకున్నారు. ప్రభాకర్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. ఆయన చోటికి వచ్చినామెకు ఈ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలేదు.

మళ్లీ ఎండాకాలం చివర ఒక ఉదయం రామ్‌చందరే సెక్షన్‌లోకి వచ్చాడు.

“ఏమన్నడు మీ దూలయ్య? పండుగ ఎన్నడంట?”

“ఇంకా కూసోలే సార్. కూసున్నంక చెప్త,” అంది యశోద, చేతిలోని పొరను దొంతి మీద సర్దుతూ.