చక్కెర చదివింపు

మొన్న బేతంచెర్లలో సెల్‌ఫోన్ రీఛార్జి అంగట్లో సాంబ్రాణి పొగ తగిలేసరికి మా ఊరి పీర్ల చావిడి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేండ్లు. బడి మాన్పించి గని పనిలో పెట్టాలని నాయన చూస్తున్నాడు. పీర్ల పండగనాడు అమ్మ చక్కెర పొట్లం చేతికిచ్చి, "సాయబు తాత కాడ చదివించుకోని రా" అంది. నన్నే చదివిస్తారనుకుని పలక కూడా పట్టుకుపోయాను.

చావిడిలో తాత కళ్లు మూసుకుని చక్కెర మీద ఫాతిహా చదివి, పొట్లం తిరిగిచ్చాడు.

"మరి నన్నో?" అన్నాను.

"చదివించేది చక్కెరను రా, నిన్ను గాదు" అని నవ్వబోయి, పలక చూసి ఆగిపోయాడు. సంగతి అడిగి తెలుసుకుని నా వెంటే మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా, పిల్లోణ్ణి బడికే పంపరాదా?"

నాయన లేచి నిలబడ్డాడు. "నీ మాట మాకు దేవుని మాట మామా. ముందు కూసో, కాఫీ తాగు."

"మీ దేవుడే మిమ్మల్ని సల్లగా సూడాల" అన్నాడు తాత.

ఒకరి దేవుణ్ణి ఒకరు చాలాసేపు పొగుడుకున్నారు. కాదంటే తాత నొచ్చుకుంటాడని నాయన బడి సంగతి దాటేశాడు; మళ్లీ అడిగితే నాయన నొచ్చుకుంటాడని తాత ఆ మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

తెల్లారి గనికి పోయాను. మిగిలిన చదువు తర్వాతెప్పుడో నేనే నేర్చుకున్నాను.

ఆ రోజు ఇద్దరిలో ఒక్కరైనా ఒక మొరటు మాట అనుంటే బాగుండేది.