నాలుగో బిల్ల వచ్చేదాకా బండి కదలదు

గోదావరిఖనిలో ల్యాంపు రూములో నా ఉద్యోగం. గనిలోకి దిగే ప్రతి మనిషికీ లైటుతో పాటు నంబరు బిల్ల ఇస్తాను, పైకి వచ్చాక తిరిగి తీసుకుంటాను. మా ఆయన బిల్ల ఒక రోజు తిరిగి రాలేదు. ఆ తర్వాతే నాకు ఈ ఉద్యోగం వచ్చింది. నేపాల్ పోతానంటే, "ఒంటరి ఆడదానికి దేశం దాటే యాత్రలేంది?" అని చుట్టాలు మూతి విరిచారు. అందుకే కాలనీలో నలుగురు ఆడవాళ్లను కూడగట్టి పశుపతినాథుని దర్శనానికి బయల్దేరాను.

రామగుండంలో రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగాం. అక్కడి నుంచి మూడు గంటల బస్సు ప్రయాణంలో సునౌలి సరిహద్దు వస్తుంది. ఓటరు కార్డు చూపించి దాటి, మరో బస్సులో ఖాట్మండు చేరాం. నలుగురికీ అట్టముక్కల మీద నంబర్లు వేసి, వెనక హోటలు పేరు, వీధి నేపాలీలో రాయించి ఇచ్చాను. బయటికి వెళ్తే వెంట ఉండాలి, రాగానే నాకు అప్పజెప్పాలి. "ఈడ గూడ డ్యూటీయేనా అక్కా?" అని లక్ష్మి నవ్వింది.

మూడో రోజు పదకొండింటికి ఆందోళనకారులు వీధి చివర టైర్లు తగలబెట్టారు. దుకాణాలు మూసేశారు. ఒంటిగంట నుంచి కర్ఫ్యూ అన్నారు. హోటలతను సరిహద్దు దాకా పన్నెండు వేలకు వ్యాను మాట్లాడాడు. మూడు బిల్లలు నా చేతికి వచ్చాయి. నాలుగోది, రుద్రాక్షలు కొనడానికి పోయిన రాజవ్వది, రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు.

"ఒక్క ముసలమ్మ కోసం ఇందరి ప్రాణాలా?" అని డ్రైవరు హిందీలో అరిచాడు.

"పోదాం పా అక్కా, నాకు పిల్లలున్నరు," అంది లక్ష్మి.

"బిల్ల రాలె. బండి పోదు." వ్యాను తాళం లాగి కొంగుకు ముడేసుకున్నాను. డ్రైవరు తిట్టాడు. హిందీ తిట్లు నాకూ వచ్చు, వడ్డీతో సహా ఇచ్చాను.

ముప్పావు గంటకు పండ్లమ్మే ఒకామె రాజవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గొడవలో ఫోను పోయి, తోవ తప్పి, రాజవ్వ ఆ అట్టముక్కే చూపించిందట. దాన్ని నా అరచేతిలో పెట్టి, "నాకోసం ఆగిన్రా బిడ్డా? పోయిన్రనుకున్న," అంది. అక్కడే ఏడ్చేశాను.

అప్పటికి కర్ఫ్యూ ముంచుకొచ్చింది, ఇక కదలడం ప్రమాదం. తాళం తిరిగిచ్చి, రెండు రోజులు కిటికీలకు దూరంగా, హోటలు వాళ్లు పెట్టిన పప్పన్నం తింటూ గదిలోనే ఉన్నాం. లక్ష్మి నాతో మాట్లాడలేదు. నేనూ తప్పయిందనలేదు. కర్ఫ్యూ సడలించిన పొద్దున అదే డ్రైవరు వచ్చి, ఎవరూ అడక్కుండానే మమ్మల్ని లెక్కపెట్టాడు. "ఐదుగురు. పోదామా, దీదీ?" అన్నాడు.

ఆ ఆలస్యానికి నన్ను ఇప్పటికీ తప్పుపట్టేవాళ్లున్నారు. పట్టనీ. ఒక మనిషి తిరిగి రాకముందే అందరూ వచ్చేశారని చెప్పడం నాకు చేతకాదు. మీరు వెళ్తే ఒక్కటే సలహా: హోటలు పేరు అక్కడి లిపిలో రాసిన చీటీ ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. సాయంత్రం అన్నీ తిరిగి మీ చేతికి వచ్చాకే అన్నానికి కూర్చోండి.